కాఫీచెట్టూ, భూమిహక్కూ

కాఫీ చరిత్ర రాసినవాళ్లలో చాలామంది కాఫీ తాగినవాళ్ల చరిత్ర రాశారు. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి కాఫీని నిషేధించాడు. 1550ల నాటికి ఇస్తాంబుల్‌లో కాఫీ అంగళ్లు వెలిశాయి. 1652లో లండన్‌లో మొదటి కాఫీ హౌస్ తెరిచారు. అక్కడ జనం చేరి రాజకీయాలు మాట్లాడుతున్నారని రెండో చార్లెస్ రాజు 1675 డిసెంబరులో కాఫీ హౌసులన్నీ మూయమని ఉత్తరువు చేసి, గగ్గోలు పుట్టేసరికి కొద్దిరోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నాడు. 1789 జూలై 12న పారిస్‌లో ఒక కాఫీ అంగడి ముందు బల్ల ఎక్కి కమీల్ దెమూలా జనాన్ని ఆయుధాలు పట్టమన్నాడు. ఇవన్నీ నిజాలే. వీటినుంచి ఒక సిద్ధాంతం కూడా తయారైంది: కల్లు సారాయిల మత్తులో జోగుతున్న యూరపును లేపి కూర్చోబెట్టి, దానికి స్వేచ్ఛగా ఆలోచించడం నేర్పింది కాఫీయేనట.

ఈ సిద్ధాంతంలో లేనిదల్లా కాఫీ పండించిన మనిషి. దెమూలా బల్ల ఎక్కిన నాటికి ప్రపంచ మార్కెట్లోకి వస్తున్న కాఫీలో దాదాపు సగం కరీబియన్ సముద్రంలోని ఒకే ఒక ఫ్రెంచి వలస, సెయింట్ డొమింగ్, నుంచి వస్తున్నది. పండించినవాళ్లు ఆఫ్రికానుంచి ఓడలకెక్కించి తెచ్చిన బానిసలు. స్వేచ్ఛను గురించి మాట్లాడిన నోళ్లు తాగిన కాఫీ అది. ఈ మాట ఎత్తిపొడుపుగా అని ఊరుకోవడం కూడా మనలో ఒక అలవాటైంది. దానివల్ల మనకు తెలిసేది తక్కువ. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. అరబికా కాఫీ పండాలంటే బానిసో, వెట్టివాడో, అడ్వాన్సు అప్పులో ఇరుక్కున్న కూలీయో ఉండితీరాలా? వందల ఎకరాల ఎస్టేటూ, దానిమీద ఒక దొరా, దొరకింద మేస్త్రీ - ఈ ఏర్పాటు ఆ మొక్క స్వభావంలోంచి పుట్టిందా, లేక ఎవరైనా పనిగట్టుకుని తెచ్చిపెట్టారా?

ఆర్థికశాస్త్రం చదువుకునే మన విద్యార్థులకు దీనికి జవాబు సిద్ధంగానే దొరుకుతుంది. కాఫీ తోటపంట. నాటిన మూడునాలుగేళ్లకుగాని కాపుకు రాదు. పేదరైతు అంతకాలం ఆగలేడు. పండు తొక్కతీసే యంత్రాలు కొనలేడు. ఎగుమతి మర్మాలు అతనికి తెలియవు. కనుక పెట్టుబడిదారు కావాలి, పెట్టుబడిదారుకు ఎస్టేటు కావాలి. ఈ వాదం వినడానికి నున్నగా ఉంటుంది. కాని చరిత్ర దీన్ని ఒకచోట కాదు, చాలాచోట్ల అబద్ధం చేసింది.

మొదట మొక్క సంగతి చూద్దాం. 1753లో లిన్నేయస్ దీనికి అరబికా అని పేరు పెట్టాడుగాని ఇది అరేబియాలో పుట్టింది కాదు. ఇథియోపియా నైరుతి భాగంలోని కొండ అడవులు దీని పుట్టిల్లు. అక్కడ పెద్ద చెట్ల నీడన పెరిగే చిన్న చెట్టు ఇది. రొబస్టాకూ, యూజినాయిడిస్ అనే మరో కాఫీ జాతికీ సంకరం జరిగి అరబికా పుట్టిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ సంకరం సుమారు ఆరు లక్షల సంవత్సరాల క్రితం జరిగిందని 2024లో వెలువడిన ఒక జన్యు పరిశోధన అంచనా వేసింది. తక్కిన కాఫీ జాతులకు 22 క్రోమోజోములుంటే దీనికి 44. అంతకన్నా మనకు ముఖ్యమైన విషయం, ఇది తన పుప్పొడితో తానే కాయ కాస్తుంది. అంచేత ఒక్క మొక్క దొరికితే చాలు, ఒక దీవినంతా తోట చెయ్యవచ్చు. ఆ తోటలో మొక్కలన్నీ రమారమి ఒకే మొక్క.

ఇక దీనికి కావలసినవి చల్లని కొండవాలు, కొంత నీడ, నిలవని నీరు, ఓపిక గల చెయ్యి. కొమ్మమీద కాయలన్నీ ఒక్కసారే పండవు. ఎర్రబడినవి ఏరుకుని, పచ్చివి వదిలి, మళ్లీ వారానికో పదిరోజులకో అదే చెట్టు దగ్గరకు రావాలి. ఐదారు కిలోల పండు ఏరితే ఒక కిలో గింజ దక్కుతుంది. బ్రెజిల్‌లో కాస్త చదునైన నేలమీద ఇప్పుడు యంత్రాలతో దులుపుతున్నారుగాని, కొండవాలుమీద ఆ ఆట సాగదు. ఈ పనంతా ఇంటిల్లిపాదీ చేసుకోగల పని. మొక్క స్వభావాన్నిబట్టి చూస్తే అరబికా చిన్నరైతు పంట కావాలి.

మొదట అలాగే అయింది. ఇథియోపియాలో ఇప్పటికీ చాలామటుకు చిన్న కమతాలలోనే పండుతున్నది. అక్కడ పండిన దానిలో ఇంచుమించు సగం అక్కడివాళ్లే తాగుతారు. కాఫీ పండించే దేశాల్లో ఇది అరుదైన సంగతి. పదిహేనో శతాబ్దంలో యెమెన్‌లో సూఫీలు రాత్రి ప్రార్థనలకు నిద్ర ఆపుకోవడానికి కాఫీ తాగేవారు. ఆ తరువాత యెమెన్ కొండలమీద రాతిగట్లు కట్టి, మెట్లు మెట్లుగా చేసిన చిన్నచిన్న మడుల్లో రైతులు కాఫీ వేశారు. దాదాపు రెండు వందల ఏళ్లు ప్రపంచానికంతటికీ కాఫీ పోసినవి ఈ మడులే, ఎస్టేట్లు కావు. లాభం మాత్రం రైతుది కాదు. మోఖా రేవులో వర్తకులూ, సుంకాలు వసూలుచేసే పాలకులూ దాన్ని పంచుకున్నారు. యెమెన్ రైతు తాగేది కిష్ర్ అనే కషాయం. గింజ తీసేసిన తరువాత మిగిలిన ఎండు పొట్టును మరగబెట్టి చేస్తారు. గింజ ఖరీదైనది కనుక అది రేవుకు పోయేది, పొట్టు ఇంట్లో మిగిలేది. అంటే చిన్నరైతు పంట అయినంతమాత్రాన న్యాయం జరిగిపోతుందని కాదు. ఈ విషయం జావాలో ఇంకా స్పష్టమవుతుంది.

డచ్చి కంపెనీవారు 1696లో మన మలబారు తీరంనుంచి కాఫీ మొక్కలు జావాకు పంపారు. అవి వరదలో కొట్టుకుపోతే 1699లో మళ్లీ పంపారు. అవి బతికాయి. పడమటి జావాలోని ప్రియాంగన్ కొండల్లో కంపెనీవారు ఎస్టేట్లు పెట్టలేదు. వాళ్లకు ఆ శ్రమ అనవసరం. రైతు తన కొండవాలులో ఇన్ని చెట్లు పెంచాలి, పంటంతా కంపెనీ గిడ్డంగికి తేవాలి, కంపెనీ చెప్పిన ధర పుచ్చుకోవాలి. స్థానిక ప్రభువులు మధ్య నిలబడి వసూలుచేసి తమ వాటా తాము తీసుకునేవారు. 1830నుంచి డచ్చి ప్రభుత్వం ఈ నిర్బంధ సాగును జావాలో విస్తారంగా అమలుచేసింది. 1850లలో డచ్చి ప్రభుత్వ రాబడిలో మూడోవంతుదాకా జావానుంచి పిండిన సొమ్మేనని చరిత్రకారులు లెక్కకట్టారు. ఆ దేశంలో రైలుమార్గాలు పడింది ఈ సొమ్ముతోనే. సుమత్రాలో కాఫీ గింజ అప్పగించవలసిన రైతులు కాఫీ ఆకులను వేయించి కషాయం కాచుకు తాగారు. కావా దౌన్ అనే ఆ ఆకు కషాయం మినాంకబావు ప్రాంతంలో నేటికీ ఉంది. యెమెన్‌లో పొట్టు, సుమత్రాలో ఆకు.

ఈ వ్యవస్థమీద ఒక గొప్ప నవల వచ్చింది. ఎడ్వర్డ్ డౌవెస్ డెకర్ 1856లో జావాలోని లెబాక్‌లో డచ్చి ప్రభుత్వోద్యోగి. ప్రజలను దోచుకుంటున్న స్థానిక ప్రభువుమీద ఫిర్యాదు చేశాడు, పైవాళ్లు వినలేదు, రాజీనామా ఇచ్చి వచ్చేశాడు. 1860లో ముల్తాతులి అనే మారుపేరుతో ‘మాక్స్ హావెలార్’ ప్రచురించాడు. కథ చెప్పేవాడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాఫీ దళారి. పరమ పిసినారి, పరమ భక్తుడు. తన చేతికొచ్చిన కాగితాల కట్టలో కాఫీ వ్యాపారానికి పనికొచ్చే సమాచారం ఉంటుందనుకుంటాడు. ఆ కాగితాల్లోంచి జావా రైతుల కథ బయటికి వస్తుంది. చివరికి రచయిత తన పాత్రలన్నిటినీ పక్కకు నెట్టి తానే ముందుకొచ్చి మాట్లాడతాడు. శిల్పం దెబ్బతిన్నదని పండితులు అనవచ్చు. నాకుమాత్రం కోపం శిల్పాన్ని పగలగొట్టిన ఆ చోటే నవలకు ప్రాణమనిపిస్తుంది. అయితే నవల పరిమితి నవలకూ ఉంది. అతని ఫిర్యాదు ముఖ్యంగా స్థానిక ప్రభువుల దురాశమీదా, డచ్చి అధికారుల ఉదాసీనతమీదా. మంచి అధికారి వస్తే వ్యవస్థ బాగుపడుతుందన్న భ్రమ అతణ్ని పూర్తిగా వదలలేదు. నిర్బంధ సాగు వెనక్కు తగ్గిందీ ఒక్క నవలవల్లనే కాదు. డచ్చి ప్రైవేటు పెట్టుబడిదారులకు జావా భూములు కావలసి వచ్చాయి. 1870లో వచ్చిన భూమి చట్టం వాళ్లకు దీర్ఘకాలపు కౌళ్లకు తలుపు తెరిచింది.

సెయింట్ డొమింగ్ కథ దీనికి తలకిందులు. 1791 ఆగస్టులో అక్కడి బానిసలు తిరగబడ్డారు, తోటలు తగలబెట్టారు. 1804లో హైతీ స్వతంత్రదేశమైంది. తోటపంట సిద్ధాంతం ప్రకారం అక్కడ కాఫీ అంతటితో అంతరించి ఉండాలి. చెరకు ఎస్టేట్లు నిజంగానే మూలపడ్డాయి. కాఫీ మిగిలింది. నిన్నటి బానిసలు కొండల్లో చిన్నచిన్న తుండ్లు చేసుకుని, తిండిగింజల పక్కనే కాఫీ పెంచారు. పంతొమ్మిదో శతాబ్దమంతా హైతీ ప్రధాన ఎగుమతి ఆ కాఫీయే. మరి ఆ రైతులు బాగుపడ్డారా అంటే, 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి, మీరు విముక్తులైనందువల్ల మా యజమానులకు నష్టం వచ్చింది, 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి అన్నది. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించారు. అది కట్టడానికి తెచ్చిన అప్పుమీద అప్పు తరాల తరబడి సాగింది. ఆ సొమ్ము ఎక్కడనుంచి రావాలి? కాఫీ ఎగుమతిమీద వేసిన సుంకంనుంచి, అనగా కొండమీద రైతునుంచి. ఎస్టేటు కూలిన తరువాత కూడా పండించినవాడి చేతిలోనిది లాక్కోవడానికి మార్గాలుంటాయని ఫ్రాన్సు లోకానికి చూపించింది.

ఇప్పుడు మన పొరుగుకు వద్దాం. సింహళంలో ఇంగ్లీషు దొరలు ఎస్టేట్లు పెట్టకముందే కాండీ రైతులు ఇంటి పెరళ్లలో కాఫీ పెంచి అమ్మేవారు. ఎస్టేట్లు వచ్చిన తరువాత కూడా చాలాకాలం ఎగుమతుల్లో ఈ పెరటి కాఫీ భాగం తక్కువేమీ కాదు. కనుక చిన్నరైతుకు కాఫీ చేతకాదన్న మాట అక్కడ ఎవరూ అనడానికి వీల్లేకపోయింది. అందుకని వేరే పని చేశారు. 1840లో సర్కారు భూముల ఆర్డినెన్సు తెచ్చారు. హక్కు పత్రం చూపలేని అడవీ, బంజరూ, అప్పుడప్పుడు నరికి సాగుచేసుకునే చేనూ అంతా ప్రభుత్వానిదని దాని అర్థం. తరతరాలుగా చేసుకుంటున్న కొండ చేనుకు కాగితం ఎవరి దగ్గర ఉంటుంది? ఆ భూములను ప్రభుత్వం దొరలకు అమ్మింది. కొన్నవాళ్లలో ప్రభుత్వోద్యోగులే ఎంతోమంది ఉన్నారు. భూమి సర్కారిచ్చింది, బాట సర్కారు వేసింది, కూలీలను తమిళదేశంనుంచి కంగాణీలు తెచ్చారు. పెట్టుబడిదారు సాహసం అని పుస్తకాల్లో రాసేది దీన్నే. 1848లో కాండీ ప్రాంతం తిరగబడింది, సైన్యం అణచింది.

తక్కిన కథ ప్రకృతి చెప్పింది. అడవి పూర్తిగా కొట్టి, కొండ తరువాత కొండ ఒకే మొక్కతో నింపారు. ఒకే మొక్క అని ఎందుకంటున్నానో పైన చెప్పాను. 1869లో ఆకుల వెనక నారింజరంగు పొడి కనిపించింది. దాన్ని ఆకుతుప్పు అంటారు. ప్రభుత్వం మార్షల్ వార్డ్ అనే యువ శాస్త్రజ్ఞుణ్ని 1880లో పంపింది. అతను రెండేళ్లు పరిశోధించి, శిలీంధ్రం గాలిలో ఎలా వ్యాపిస్తుందో తేల్చి, అడ్డులేకుండా విస్తరించిన ఏకపంటే దానికి మేత వేసిందని చెప్పాడు. దొరలకు కావలసింది మందు, వ్యాఖ్యానం కాదు. మందు దొరకలేదు. శతాబ్దాంతానికి సింహళంలో కాఫీ స్థానంలో తేయాకు నిలబడింది. దొరలు పంట మార్చుకున్నారు. కూలీలు అవే లైను గదుల్లో ఉండిపోయారు.

మైసూరు కథకు ముందు ఒక పుక్కిటి పురాణం ఉంది. పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే ఫకీరు మక్కాయాత్రనుంచి తిరిగివస్తూ ఏడు గింజలు నడుముకు కట్టుకుని తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడట. అందమైన కథ. ఆ కొండకు ఆయన పేరే ఉంది. హిందువులూ ముసల్మానులూ కలిసి కొలిచే చోటది. దాని జోలికి ఎవరూ పోకుండా ఉంటే దేశానికి మేలు. కాని కాఫీ చరిత్రను ఈ ఏడు గింజల దగ్గర ఆపేస్తే అసలు సంగతి మరుగునపడుతుంది. ఫకీరు తెచ్చిన చెట్టు నూరేళ్లకుపైగా పెరటి చెట్టుగానే ఉన్నది. అది ఎస్టేటు కావడానికి పరిపాలన మారవలసి వచ్చింది. 1831లో మైసూరు పాలన కంపెనీ చేతికి వచ్చింది, 1834లో కొడగు రాజ్యం పోయింది. ఆ తరువాతనే ఇంగ్లీషు ప్లాంటర్లు దండుగా ఈ కొండలెక్కారు. కొడగులో మొదటి దొర ఎస్టేటు 1854లో మడికేరి దగ్గర లేచింది.

భూమి వచ్చింది, మనుషులు కావాలి. కొడగులో బానిసత్వం పూర్వంనుంచీ ఉంది. 1843 చట్టం దాన్ని కాగితంమీద రద్దుచేసింది. భూమిలేని స్వేచ్ఛ ఎస్టేటుకే దారితీసింది. చాలని కూలీలను మైదానాలనుంచి మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి తోలుకువచ్చేవారు. ఇక్కడ 1859 నాటి పదమూడో చట్టాన్ని చెప్పకుండా వీల్లేదు. అడ్వాన్సు పుచ్చుకుని పని మానేసిన పనివాణ్ని మేజిస్ట్రేటు పనికి పంపవచ్చు, వినకపోతే మూడునెలలు కఠినశిక్ష వెయ్యవచ్చు. యజమాని మాట తప్పితే సివిలు దావా, కూలీ తప్పితే జైలు. ప్లాంటర్లు దీన్ని ధారాళంగా వాడుకున్నారు. 1893లో వాళ్లంతా కలిసి దక్షిణ భారత ప్లాంటర్ల సంఘం పెట్టుకున్నారు. 1903లో మద్రాసు ప్రభుత్వం వాళ్లకోసం ప్రత్యేకంగా తోటకూలీల చట్టం చేసింది. 1859 చట్టం రద్దు చెయ్యడానికి 1925దాకా పట్టింది. స్వేచ్ఛా శ్రమ, స్వేచ్ఛా మార్కెట్టు అని ఉపన్యాసాలిచ్చే పెట్టుబడిదారీ విధానం ఒక పొద నాటి పండు ఏరించడానికి ఇన్ని చట్టాలు చేసుకోవలసి వచ్చింది.

నేటి పరిస్థితి చూస్తే, దేశంలోని కాఫీ కమతాల్లో నూటికి 98కి పైగా పది హెక్టార్ల లోపువే. పంటలో సుమారు డెబ్బై శాతం వాటినుంచే వస్తున్నది. ఎస్టేటు అనివార్యం కాదని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అయితే పది హెక్టార్లంటే పాతిక ఎకరాలు. పాతిక ఎకరాల కాఫీ తోటవాణ్ని పేదరైతు అనడం హాస్యం. అతని తోటలోనూ పండు ఏరేది కూలిమనిషే. ‘చిన్న సాగుదారులు’ అనే ఒక్కమాట కింద ఎకరంవాణ్నీ పాతికెకరాలవాణ్నీ కలిపేసే లెక్కలపట్ల మన విద్యార్థులు జాగ్రత్తగా ఉండాలి.

తాగేవైపు సంగతి ఒకటి రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. మన ఊళ్లలో కాఫీ హోటలు నాగరికతకు గుర్తుగా వచ్చింది, వస్తూ కులాన్నీ వెంటపెట్టుకు వచ్చింది. ‘బ్రాహ్మణ హోటలు’ అని బోర్డులు ఉండేవి. ఆ మాట తీసెయ్యాలని 1957లో మద్రాసులో ద్రావిడ కళగం ఒక హోటలు ముందు ఆందోళనే చెయ్యవలసి వచ్చింది. పల్లెల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే ఆచారం మనకెవరికీ కొత్త సంగతి కాదు. లండన్ కాఫీ హౌసులో అణా పెట్టినవాడెవడైనా సమానుడేనని రాసే చరిత్రకారులు ఈ గ్లాసును కూడా చూడాలి. దీనికి ఎదురుగా ఒక మంచి అధ్యాయం ఉంది. కాఫీ వాడకం పెంచడానికి 1930లలో పెట్టిన కాఫీ హౌసులను కాఫీ బోర్డు 1950ల మధ్యలో మూసివేసి, పనివాళ్లను ఇంటికి పంపబోయింది. ఎ. కె. గోపాలన్ పూనికతో ఆ పనివాళ్లు సహకార సంఘాలుగా ఏర్పడి 1957లో బెంగళూరులోనూ ఢిల్లీలోనూ, 1958లో త్రిచూరులోనూ వాటిని తామే తెరిచారు. వడ్డించేవాడే యజమాని అయిన కాఫీ హౌస్ అది. యూరపు చరిత్రలో నేను చదివిన ఏ కాఫీ హౌసుకన్నా నాకు దానిమీదే గౌరవం. కాని అక్కడా సహకారం కప్పు దగ్గరే ఉంది, తోటకు పోలేదు.

తోటలో పండించేవాడే సాగుదారుడైన చోటు మన తెలుగుదేశంలోనే ఉంది. అందుకే ఇంత దూరం తిరిగివచ్చాను.

1898లో నాటి గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో ఒక ఇంగ్లీషు అధికారి కాఫీ మొక్కలు తెచ్చి వేయించాడు. అక్కడనుంచి 1920ల ప్రాంతంలో విశాఖ ఏజెన్సీకి, అరకు, చింతపల్లివైపుకు, పాకింది. ఆ 1920లలో చింతపల్లి కొండల్లో ఇంకేమి జరుగుతున్నదో పాఠకులకు గుర్తుచెయ్యనక్కర్లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం కొండలను రిజర్వులు చేసింది. పోడు నేరమైంది. అడవిలో బాటలు వెయ్యడానికి గిరిజనులచేత చాలీచాలని కూలికి, కూలి ఎగవేసి కూడా, పని చేయించారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీసు ఠాణామీద పడింది. అడవి ఎవరిది అన్న ప్రశ్న అది. సింహళంలో 1840లో వేసిన ప్రశ్నే ఇది, కాకపోతే ఇక్కడ దొరల ఎస్టేటు రాలేదు, అటవీశాఖ వచ్చింది.

1960లో అటవీశాఖ రిజర్వు అడవిలో నేలకోత అరికట్టడం ఒక లక్ష్యంగా తానే కాఫీ వేసింది. గిరిజనులు అందులో కూలీలు. సుమారు పదివేల ఎకరాల ఆ తోటలు తరువాత అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. రెండో మార్గం 1970లలో మొదలైంది. గిరిజన సహకార సంస్థా, తరువాత పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థా గిరిజన కుటుంబాలచేతనే కాఫీ వేయించాయి. కుటుంబానికి రెండెకరాల చొప్పున తోటలు అప్పగించారు. పోడు మాన్పించడమే ప్రభుత్వానికి ముఖ్యం. పోడును నేరంగా చూసే దృష్టి మారలేదుగాని ఫలితం మాత్రం ఆలోచించదగినది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ, పక్కన రాగి, వరి, పసుపు. ఈనాడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది. బగత, కొండదొర, వాల్మీకి, కోందు, పోర్జా, గదబ కుటుంబాలు దీన్ని సాగుచేస్తున్నాయి. అరకు కాఫీ అన్న పేరేగాని తోటలు ఎక్కువ చింతపల్లి, గూడెం కొత్తవీధి, జి. మాడుగుల, పాడేరు మండలాల్లో ఉన్నాయి. దొరలేని, మేస్త్రీలేని అరబికా తోటలు ఇవి.

మరి పండించినవాడికి ఏమి మిగులుతున్నది? కాఫీ ధరను నిర్ణయించేది పాడేరు సంత కాదు, న్యూయార్కు ఎక్స్ఛేంజి. 1962 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఉన్న ఎగుమతి కోటాలు 1989 జూలైలో కూలిపోయాయి. కాఫీ బోర్డు రైతుల పంటను కూడగట్టి అమ్మే పద్ధతి 1990లలో అంచెలంచెలుగా ఎత్తేశారు. 2000 తరువాత నాలుగైదేళ్లు ధర పాతాళానికి దిగింది. 2025 ఫిబ్రవరిలో పౌనుకు నాలుగు డాలర్లు దాటింది. దిగినప్పుడు దెబ్బ మొత్తం కొండమీద పడుతుంది. ఎక్కినప్పుడు లాభంలో ఎంత కొండెక్కుతుందన్నది పప్పు గింజ ఎవరు కొంటున్నారన్నదానిమీద ఉంటుంది. ప్రైవేటు వర్తకుడి అడ్వాన్సు తిన్న రైతు అతని ధరకే ఇవ్వాలి. గిరిజన సహకార సంస్థ రంగంలో ఉన్న ఏడు వర్తకుడు కూడా ధర పెంచుతాడు, అది పక్కకు తప్పుకున్న ఏడు తగ్గిస్తాడు. పల్పర్ లేనివాడు పండును పండుగానే ఎండబెట్టి అమ్ముకుంటాడు, దానికి ధర తక్కువ. అందువల్ల గ్రామానికో సహకార పల్పింగు కేంద్రం అన్నది చిన్న కోరికలా కనిపించినా చిన్నది కాదు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో కాఫీ బోర్డు ప్రయత్నంతో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండ పేరుకు విలువ ఏర్పడింది. కొండమీద ఉదయాన తాగేది మాత్రం చాలా ఇళ్లలో రాగి అంబలే. అంబలి మంచి ఆహారం, దానిమీద నాకు ఫిర్యాదు లేదు. పొట్టు, ఆకు వరసలో దీన్ని కూడా గమనించమంటున్నాను.

అసలు చిక్కు ధర దగ్గర లేదు, భూమి దగ్గర ఉంది. కాఫీ చెట్టు ముప్పై నలభై ఏళ్లు కాపుకాసే చెట్టు. అలాంటి చెట్టు నాటినవాడికి అది నిలబడిన నేలమీద ఖాయమైన హక్కు ఉండాలి. ఈ తోటల్లో చాలాభాగం రికార్డుల్లో అడవి. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుడికి నాలుగు హెక్టార్ల వరకు హక్కు ఇమ్మన్నది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉంటుంది, వారసులకు సంక్రమిస్తుంది, అమ్మడానికి వీల్లేదు. చట్టం మంచిదే. కాని చెట్టు నాటిన ప్రతివాడికీ పట్టా రాలేదు, వచ్చినవాడికి సాగుచేసినదంతా రాలేదు. ఇక అటవీ అభివృద్ధి సంస్థ తోటల్లో మొక్క నాటిన దగ్గరనుంచి పండు ఏరేదాకా పనిచేసినవాళ్లు, ఈ తోటలు మాకే అప్పగించండి అని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు. పక్క కొండమీద అదే కులంవాడు రెండెకరాల సాగుదారుడై అదే పంట అంత సమర్థంగానూ పండిస్తుంటే, ఇక్కడ తాము కూలీలుగా ఎందుకుండాలన్నది వాళ్ల ప్రశ్న. ఎస్టేటు అవసరమని చెప్పడానికి ప్రభుత్వం దగ్గర ఉన్న వాదం సింహళం దొరల దగ్గర ఉన్నదానికన్నా బలమైనదేమీ కాదు.

ఈ హక్కు లేకపోతే ఏమవుతుందో ఒకసారి చూశాం. చింతపల్లి అడవిలో జెర్రెల కొండల కింద బాక్సైటు ఉంది, పైన కాఫీ ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల కౌలు చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వ సంస్థ పేర ఆ తీర్పును దాటే ప్రయత్నం తరువాత జరిగింది. 2015 నవంబరులో జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లను ఖనిజాభివృద్ధి సంస్థకు మళ్లిస్తూ 97 నంబరు జీవో వచ్చింది. కాఫీ రైతులూ, కూలీలూ, పట్టా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అంతా కలిసి బాటలకు అడ్డం కూర్చున్నారు. జీవోను అమలు కాకుండా నిలిపివేశారు, 2019లో రద్దుచేశారు. రద్దుచేసిన ఉత్తరువులో చెట్లు ఎవరివన్న ప్రసక్తి లేదు.